రంగు డబ్బా ఇప్పుడే కొనకు

చి. మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీ తాతయ్య అట్లాస్ సైకిలును వసారాలోంచి బయటికి తీశానని, దానికి ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగావు. రంగు మాట చివర్లో చూద్దాం. ముందు తిరిగే భాగాలు, ఆపే భాగాలు బాగుపడాలి. నిగనిగలాడుతూ, తొక్కితే కిర్రుమనే సైకిళ్లను చాలా చూశాను.

మొదట ఫ్రేము. వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో కనిపించాలి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట రంగు ముడతపడి ఉంటే ఎప్పుడో గట్టిగా గుద్దుకుందని అర్థం. పగులు కనిపిస్తే ఆ ఫ్రేము మీద రూపాయి కూడా పెట్టకు. పైపై తుప్పుకు మాత్రం బెదరకు.

కంపెనీయే మూతపడితే సామాను ఎక్కడ దొరుకుతుందన్నావు. ఢిల్లీ దగ్గర సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయిన మాట నిజమే. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం రోజునే, చూడు! కానీ మన దేశపు పెద్ద నల్ల సైకిళ్లన్నీ పాత ఇంగ్లీషు కొలతల మీదే వచ్చాయి కాబట్టి హీరో సామాను, హెర్క్యులెస్ సామాను దీనికి దాదాపుగా సరిపోతాయి. టైరు మీద 28 x 1½ అని ఉంటే అదే అడుగు. మొత్తం ఖర్చు రెండు వేలు దాటనివ్వకు. అందులో సగం దాకా టైర్లు, ట్యూబులే తినేస్తాయి.

రెండు పానాలు, సుత్తి, స్క్రూడ్రైవర్, చిన్న గ్రీజు డబ్బా, పాత టూత్‌బ్రష్షు, అర లీటరు డీజిలు దగ్గర పెట్టుకో. మా రోజుల్లో కిరసనాయిలు వాడేవాళ్లం, ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ తిరగడం దండగ. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకో.

అసలు పని చక్రాల ఇరుసుల్లో ఉంది. చక్రాన్ని అంచున్న పళ్లెంలో పెట్టి ఇరుసు విప్పు, లేకపోతే లోపలి ఉక్కు బాల్స్ మంచం కిందికి దొర్లిపోతాయి. ముందు చక్రంలో ఒక్కో వైపు 10, వెనక చక్రంలో ఒక్కో వైపు 9 ఉంటాయి. ముందువి 3/16 అంగుళం, వెనకవి పావు అంగుళం. పాతవి తుడిచి మళ్లీ వాడకు, కొత్త బాల్స్ చవకే. ఇరుసు మీద బాల్స్‌ను అదిమి పట్టే మరనట్టును, అంటే కోన్‌ను, డీజిల్లో కడిగి, బాల్స్ తిరిగే దారి వెంబడి గోరుతో గీకి చూడు. ఎక్కడైనా గుంట తగిలితే కోన్ మార్చాల్సిందే. బాల్స్ కూర్చునే కప్పు నిండా గ్రీజు పెట్టి బాల్స్ అందులో అద్దితే చక్రం తిప్పినా రాలవు. ఇక కోన్ బిగింపు. ఊగులాట పోయేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి వదిలి, పై నట్టు బిగించు. తర్వాత చక్రాన్ని గాలిలోకి ఎత్తి వదిలెయ్. వాల్వు ఉన్న వైపు దానంతట అదే కిందికి దిగి, అటూ ఇటూ ఊగి ఆగిందంటే బిగింపు కుదిరినట్టు. మధ్యలోనే ఆగిపోతే బిగింపు ఎక్కువైంది.

పెడళ్ల దగ్గర తొందరపడకు. పెడల్ కాడను (క్రాంకును) ఇరుసుకు బిగించే మేకులాంటి కాటర్ పిన్నుకు ముందురోజు రాత్రే నూనె పోసి ఉంచు. నట్టును పిన్ను కొస దాకా వదులు చేసి, క్రాంకు కింద ఇనుప గొట్టం ముక్క ఆనించి, ఒక్కటే గట్టి దెబ్బ వెయ్యి. చిన్న చిన్న దెబ్బలతో పిన్ను వంగుతుందే తప్ప రాదు. కొత్త పిన్నులు రెండూ ఎదురెదురు దిశల్లో పెట్టాలి, లేదంటే పెడళ్లు ఒక వరసలో నిలవవు. ఎడమ పెడల్ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. క్రాంకుల మధ్య ఇరుసుకున్న కుడి కప్పుదీ అదే తీరు, దాన్ని విప్పకుండా లోపలే తుడిచెయ్.

ఫ్రీవీల్‌లో, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రంలో, గ్రీజు కూరవద్దు, లోపలి పళ్లు అంటుకుపోతాయి. డీజిలుతో కడిగి పలచని నూనె చుక్కలు వేస్తే చాలు. చైను సాగిపోయి ఉంటే మార్చెయ్.

ఈ సైకిలుకు రాడ్ బ్రేకులు కదా, రబ్బరు రిమ్ము లోపలి వైపున ఆనుతుంది. అక్కడ తుప్పుంటే ఉప్పుకాగితంతో రుద్ది, రబ్బర్లు కొత్తవి వెయ్యి. వాన పడితే ఈ బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి, గుర్తుంచుకో.

హ్యాండిల్, రిమ్ముల మీది తుప్పుకు అన్నం పొట్లాల్లో వచ్చే అల్యూమినియం రేకును నలిపి నీళ్లలో ముంచి రుద్దు, మెరుపు తిరిగి వస్తుంది. చక్రం బెండు తీయడం మాత్రం షాపుకు వదిలెయ్. ముందు 32, వెనక 40 పుల్లలను సరిచూసి లాగడం చెయ్యి తిరిగినవాడి పని, ఆ కూలి ఇచ్చి తీరాలి.

ఇంకా డబ్బు మిగిలిందా? అప్పటికీ రంగు వెయ్యొద్దనే నా సలహా. నువ్వు పంపిన ఫోటోలో గొట్టాల మీద బంగారు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. అవి తిరిగి గీసేవాళ్లు ఇప్పుడెక్కడ? తుప్పు తేలిన చోట మాత్రం తుప్పును ఆపే ఎర్ర పూత రెడాక్సైడు, దాని మీద నల్ల ఎనామిల్ అద్ది, మిగతాది మైనంతో రుద్దు.

వారం తొక్కాక కాటర్ పిన్నులు, నట్లు మళ్లీ ఒకసారి బిగించు. ముందుగా ముందు చక్రాన్ని పట్టుకునే ఆ ఫోర్కు పైభాగాన్ని వెలుతురులో ఫోటో తీసి పంపు. అక్కడ రంగు కాస్త పొంగినట్టుంది, అది చూసే దాకా టైర్లు కొనకు.

మీ
మామయ్య