‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ ఎందుకు వద్దు?

ప్రశ్న: ‘వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అని రాస్తే సార్ ‘అబౌట్’ కొట్టేశారు. తెలుగులో ‘సమస్య గురించి’ అనే కదా అంటాం?

జవాబు: చిక్కంతా ఆ ‘గురించి’తోనే, దాన్నే ‘అబౌట్’ అని ఇంగ్లీషులోకి దింపేస్తాం. తెలుగులో కర్మను, అంటే పని ఎవరి మీద లేదా దేని మీద జరిగిందో ఆ పదాన్ని, ‘ని, ను’ పట్టిస్తాయి. ‘మనిషిని కుక్క కరిచింది’ అని పదాలు తిప్పినా కరిచింది కుక్కే. ఇంగ్లీషులో ఆ ప్రత్యయాల్లేవు, క్రియ తర్వాతి చోటే గుర్తు. ‘ద మ్యాన్ బిట్ ద డాగ్’ అన్నారో, కుట్లు కుక్కకి పడతాయి! డిస్కస్ నేరుగా కర్మను పట్టుకునే క్రియ. ‘డిస్కస్డ్ వాట్?’ అని అడగండి. ‘ద ప్రాబ్లమ్’ అని వస్తుంది, అదే డైరెక్ట్ ఆబ్జెక్ట్. ‘ఎంటర్డ్ ఇన్‌టు ద రూమ్’, ‘మ్యారీడ్ విత్ హర్’ కూడా ఈ బాపతు తప్పులే. ‘టాక్’కి మాత్రం ‘అబౌట్’ కావాలి. నామవాచకం చేసి ‘ఎ డిస్కషన్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అని రాస్తే సార్ కొట్టేయరు.