అందరూ మమ్మీ అంటున్నారు, మా పాప తప్ప

ఉత్తరం: మాది చిత్తూరు. మా ఆయన పాస్టరు. ఉగాండాలో ఒక పల్లెలో అనాథ పిల్లల హోం నడుపుతున్నాం, ఇక్కడికి వచ్చి ఆరేళ్లు దాటింది. హోంలో 38 మంది ఉన్నారు. మాకు 13 ఏళ్ల పాప, 7 ఏళ్ల బాబు. సొంత పిల్లలు, హోం పిల్లలు అనే తేడా ఉండకూడదని మా ఆయన మొదట్లోనే నియమం పెట్టారు. అందుకే పాప కూడా ఆడపిల్లల డార్మిటరీలోనే పడుకుంటుంది, చిత్తూరు నుంచి మా అత్తమ్మ పంపే బట్టలు కూడా అందరికీ పంచేస్తాం. తెల్లారక ముందే లేచి గంజి కాయడం, నీళ్లు పట్టించడం, బడికి పంపడం, ఎవరో ఒకరికి మలేరియా, రాత్రి ప్రార్థన అయ్యేసరికి నాకు ఒళ్లు తెలియదు. పిల్లలందరూ నన్ను మమ్మీ అంటారు. మా పాప మాత్రం ఈమధ్య నన్ను ఏమనీ పిలవడం లేదు. పాప పెద్దమనిషి అయి రెండు నెలలైందని పోయిన నెల తెలిసింది. నాకు చెప్పలేదు, వంట చేసే ఆమెకు చెప్పుకుంది. అత్తమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు, పాపను చిత్తూరు పంపేయమంటోంది. మా ఆడబిడ్డ 'ఈడ లేరా అనాథలు, ఆడికి పొయ్యి ఎవురిని ఉద్ధరిస్తా ఉండారు' అంటుంది. మా ఆయనేమో 'ఇది దేవుని పని, సాతాను ఇలాగే పిల్లల ద్వారా శోధిస్తాడు' అంటారు. పాపను పంపేయాలా? నేనూ వచ్చేయాలా? ఇలా ఆలోచించడమే పాపమా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ భయం మనసులో పెట్టుకుని మీరు మిగతావేవీ ఆలోచించలేరు. పాపం కాదు. కన్నబిడ్డ దూరమవుతోందని తల్లి కంగారు పడటం ఏ మతంలోనూ పాపం కాదు.

నేను క్రైస్తవురాలిని కాను, తిరుపతిలో కొండ కింద పుట్టి పెరిగినదాన్ని, కాబట్టి దేవుడు మిమ్మల్ని ఉగాండాకు పిలిచాడా లేదా అన్న దాంట్లో నేను తలదూర్చను. ఆ పిలుపు నిజమే అనుకుని మాట్లాడతాను. కానీ మీ ఆయన అన్న ఆ సాతాను మాట మాత్రం పాప చెవిన పడకూడదు. ఇప్పటికే పడి ఉంటే ఆయన చేతే వెనక్కి తీసుకునేలా చేయండి. పదమూడేళ్ల పిల్ల, నాకు బాధగా ఉంది అని చెప్పకుండానే చెప్తుంటే, దానికి సాతాను అని పేరు పెడితే ఆ పిల్ల ఇక జన్మలో ఆయనకు ఏమీ చెప్పదు. పాస్టరు గారికి నేను వాక్యం చెప్పక్కర్లేదు, సొంత ఇంటిని సరిగ్గా చూసుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడని తిమోతికి రాసిన పత్రికలో పౌలే అడిగాడు కదా.

ఇప్పుడు ఆ నియమం సంగతి. తేడా చూపకూడదని పెట్టిన నియమమే, మంచి మనసుతో పెట్టిందే, కాదనను. కానీ ఆచరణలో ఏం జరిగిందో చూడండి: అమ్మా నాన్నా లేని పిల్లలతో సమానం చేయడానికి మీ పాపకు అమ్మను లేకుండా చేశారు. దానివల్ల ఆ 38 మందిలో ఒక్కరికైనా అదనంగా ఏమైనా దక్కిందా? ఒక మనిషి 38 మందికి మమ్మీ కావడం జరిగే పని కాదు. వాళ్లు మిమ్మల్ని అలా పిలుస్తున్నది ఇంటి పెద్దావిడను అలాగే పిలవాలి కాబట్టి. చిన్నపిల్లలకు కావాల్సింది తమకోసం నిలకడగా ఉండే ఒకరిద్దరు మనుషులు. రొమేనియాలో 2000 నుంచి అనాథాశ్రమాల పిల్లల మీద చాలా ఏళ్లు సాగిన అధ్యయనం ఒకటి ఉంది, బుకారెస్ట్ ప్రాజెక్ట్ అంటారు. ఆశ్రమంలోనే ఉండిపోయిన పిల్లల కంటే కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలే, అదీ చిన్న వయసులో వెళ్లినవాళ్లు, బాగా కోలుకున్నారని అందులో తేలింది. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు కూడా ముందు కుటుంబం, బంధువులు, ఆఖరికే హోం అంటాయి.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, మీ అలసటకు ఒక దారి ఇందులోనే ఉంది. మీ హోంలో ఉన్న ఎంతమందికి అమ్మమ్మో, పెద్దమ్మో, మేనమామో బతికి ఉన్నారు? హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి సొంతవాళ్లు ఉంటారు, పేదరికమో జబ్బో వాళ్లను అక్కడికి చేర్చి ఉంటుంది. ఉగాండాలో ప్రతి జిల్లాకు ప్రొబేషన్ అండ్ సోషల్ వెల్ఫేర్ ఆఫీసర్ ఉంటారు, ఆయనతో కూర్చుని ఒక్కో పిల్లాడి ఫైలు తీయండి. కొందరిని సెలవులకు బంధువుల ఇంటికి పంపడం మొదలుపెట్టండి, అన్నీ విచారించుకున్న తర్వాతే సుమా, ఊరికే బస్సెక్కించి పంపేయడం కాదు. బియ్యం, పోషోకి మొక్కజొన్న పిండి, బడి ఫీజు మీరే ఇచ్చి, పిల్లాడు వాళ్ల అమ్మమ్మ దగ్గర పెరిగితే అది మీ సేవ తగ్గినట్టు కాదు. డొనేషన్లు పంపేవాళ్లకు ఫోటోలో తలకాయలు తగ్గుతాయి, అంతే. వాళ్లకు నచ్చజెప్పే పని మీ ఆయనది.

పాప మీకు చెప్పకుండా వంటామెకు చెప్పుకున్న విషయం. మీకు ఎక్కడ గుచ్చుకుందో నాకు అర్థమైంది, ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గరే మీరు కొట్టేసి రెండుసార్లు రాశారు. కానీ చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఒక మనిషి దొరికింది, అది నయం. ఆ వంటామె మీద కోపం పెట్టుకోకండి, ఆమెను పిలిచి థాంక్స్ చెప్పండి. పాపను మాత్రం 'నాకెందుకు చెప్పలేదు' అని అడగొద్దు, దాని ముందు ఏడవొద్దు. ఏడిస్తే ఇప్పుడు అమ్మను ఓదార్చే పని కూడా దాని నెత్తినే పడుతుంది. పడుకునే ముందు ఒక్కదాన్నే పిలిచి, 'నాకు తెలిసింది, ఆ రోజు నేను నీ దగ్గర ఉండాల్సింది, నొప్పేమైనా ఉందా, నీకేం కావాలి' అని అడిగి ఊరుకోండి. జవాబు రాకపోవచ్చు. రాకపోయినా మళ్లీ ఇంకో రోజు కూర్చోండి. ఇన్ని నెలలు చెప్పుకోనిది ఒక్క రాత్రిలో చెప్పేస్తుందని అనుకోవద్దు. ఇక అత్తమ్మకు ఫంక్షన్ చేయలేదన్న బాధ ఉంటుంది, మన వైపు ఉండేదే, కానీ దాని గురించి ఫోన్లో పదిమందితో మాట్లాడటం ఆపమని ఆమెకు మీ ఆయన చెప్పాలి, మీరు కాదు.

పాపను వెంటనే డార్మిటరీ నుంచి మీ గదుల్లోకి తెచ్చుకోండి. దీని మీద చర్చ వద్దు. దానికో మంచం, దానికో దోమతెర, తాళం వేసుకునే చిన్న అల్మరా. నానమ్మ పంపిన బట్టలు దానివే, ఇవ్వాలనిపిస్తే అదే ఇచ్చుకుంటుంది. మీరిద్దరూ ఉండే భాగానికి ఒక తలుపు పెట్టించి, రాత్రి ప్రార్థన అయ్యాక ఆ తలుపు వేసేయండి. ప్రాణం మీదికి వచ్చే జబ్బయితే తడతారు, మిగతా అన్నిటికీ రాత్రి డ్యూటీలో ఉండే ఆంటీ ఉందిగా. లేకపోతే ఒకరిని పెట్టుకోండి, మీ బడ్జెట్‌లో అన్నిటికంటే ముందు రావాల్సిన ఖర్చు అదే. ఆ తలుపు లోపల మీ నలుగురూ సంగటి, చెనక్కాయల ఊరిబిండి తినండి, తెలుగులో పోట్లాడుకోండి. హోం పిల్లలు కుళ్లుకుంటారేమో అని మీకు అనుమానం వస్తుంది. మొదట్లో కొందరు అడుగుతారు కూడా. ఒక అమ్మ తన పిల్లలతో ఎలా ఉంటుందో వాళ్లు చూడటంలో చెడేమీ లేదు, రేపు వాళ్లూ సంసారాలు చేయాల్సినవాళ్లే.

బయటి నుంచి వచ్చే విజిటర్లు, వాలంటీర్ల గురించి మీరేమీ రాయలేదు, అయినా చెప్తాను. వారం రోజులు వచ్చి పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడి వెళ్లిపోయేవాళ్లు ప్రతిసారీ ఆ పిల్లలకు ఇంకొక ఎడబాటు ఇచ్చి పోతారు. పిల్లలు పడుకునే గదుల్లోకి వాళ్లెవ్వరినీ రానీయకండి. మీ పాప ఫోటోలు కూడా, దాన్ని అడగకుండా, ప్రార్థన వార్తల్లో పెట్టకండి.

మన పక్కనే వెల్లూరు ఉంది కదా. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది, మిషనరీల బిడ్డ. తల్లిదండ్రులు సేవ కోసం ఇండియాకు తిరిగి వస్తూ ఆమెను అమెరికాలో బంధువుల దగ్గర వదిలారు. ఈ మిషనరీ బతుకు నాకొద్దు అనుకుంటూనే ఆమె పెద్దదైంది. తర్వాత డాక్టరై వచ్చి సీఎంసీ ఆసుపత్రి కట్టింది, మన చిత్తూరు వాళ్లలో అక్కడికి వెళ్లని ఇల్లే ఉండదు. చర్చిలో ఈ కథ ఎప్పుడు చెప్పినా ఆసుపత్రి దగ్గరే ముగిస్తారు, చివరికి అంతా మంచికే జరిగింది కదా అన్నట్టు. నాకు మాత్రం అమెరికాలో బంధువుల ఇంట్లో ఉండిపోయిన ఆ పిల్ల గుర్తొస్తుంది. వదిలేసిన పిల్లలందరూ ఐడా స్కడర్లు కారు, అవ్వాలని పందెం కట్టకూడదు కూడా.

అందుకే పాపను ఒక్కదాన్నే ఇప్పుడు చిత్తూరు పంపొద్దంటున్నాను. మీ దగ్గర ఉండగానే అమ్మ లేదనుకుంటున్న పిల్లను అత్తమ్మ ఇంటికో, తిరుపతిలో హాస్టల్‌కో పంపితే, అది నిజమేనని మీరే చెప్పినట్టు అవుతుంది. పైగా మీకు చిత్తూరు సొంతూరు, దానికి కాదు. ఏడేళ్లకే ఉగాండా వచ్చేసింది. దాని స్నేహితులు, దాని బడి, దానికి కలలొచ్చే భాష అన్నీ అక్కడివే. నానమ్మ దగ్గరికి రావడం దానికి ఇంకో దేశానికి పోవడమే.

అలాగని ఆ దారి మూసేయమనడం లేదు. మీ దగ్గర బడి సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది, మన దగ్గర జూన్‌లో. డిసెంబరు, జనవరి పెద్ద సెలవులకు మీ నలుగురూ కలిసి చిత్తూరు రండి, నలుగురికీ తిరుగు టికెట్ తీసుకునే రండి, పాపకు ఆ టికెట్ చూపించండి. ఇక్కడ ఉండి, చూసి, అప్పుడు కూడా అదే నోరు తెరిచి నేను ఇక్కడ చదువుకుంటానంటే, మన జూన్‌కు ఇంకా టైం ఉంటుంది, అప్పుడు మాట్లాడుకోవచ్చు. అప్పుడైనా మీరో మీ ఆయనో ఒకరు దానితో ఉండాలి.

మీ ఆయన దేనికీ ఒప్పుకోకపోతే? గది, రాత్రి తలుపు, వారంలో ఒక పూట మీకు సెలవు. ఈ మూడూ అడగండి, గట్టిగానే, పిల్లల ముందు కాకుండా. మిమ్మల్ని పంపిన సంఘంలో ఆయన మాట వినే పెద్ద ఒకరు ఉండే ఉంటారు, ఆయనతో కూడా మాట్లాడించండి. మీరు సెలవులకు వచ్చినప్పుడు ఆ పెద్దాయన చిత్తూరులో దొరుకుతారు. అప్పటికీ ఏమీ మారకపోతే బడి సంవత్సరం ఒకటి మీరు పిల్లలిద్దరితో చిత్తూరులో ఉంటానని ఆయనకు ముందే చెప్పండి. చెప్పి రావడం వేరు, విసిగిపోయి ఒక రోజు పెట్టె సర్దుకుని రావడం వేరు. మీరు రెండోదానికి దగ్గరలో ఉన్నారని మీ ఉత్తరం చదివితే అనిపించింది. నిద్ర పట్టకపోవడం, ఊరికే కళ్లలో నీళ్లు రావడం లాంటివి ఉంటే ఆగకుండా డాక్టర్‌ని కలవండి, ఫోన్లోనైనా సరే.

మీ ఆడబిడ్డ మాట దురుసే. అనాథలు ఇక్కడ లేక కాదు, తిరుపతిలో టీటీడీ వాళ్లే బాలమందిరం నడుపుతున్నారు. కానీ ఆమె అసలు అడుగుతున్నది అది కాదనుకుంటాను. అత్తమ్మ బీపీ మాత్రలు, కళ్ల డాక్టర్, కరెంటు బిల్లు అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంటోంది, అన్నేమో లోకాన్ని చూసుకుంటున్నాడని ఊరంతా పొగుడుతోంది. ఆ వాదనకు జవాబు చెప్పకండి. మీ ఆయన చేత నెలనెలా కొంత డబ్బు ఆమెకు పంపించండి, ఎంత చిన్నదైనా. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనే ఫోన్ చేయాలి, మీకు మధ్యాహ్నం రెండైతే ఇక్కడ నాలుగున్నర, అత్తమ్మ కాఫీ తాగి కూర్చుని ఉంటుంది. బాబు నానమ్మకు ఇంగ్లీషులోనే జవాబిస్తున్నా ఫరవాలేదు, ఫోన్ వాడి చేతికివ్వండి.

టికెట్లు ఇప్పుడే చూసుకోండి, డిసెంబరులో రేట్లు మండిపోతాయి. నలుగురి ఎల్లో ఫీవర్ టీకా కార్డులు చేతి బ్యాగులోనే పెట్టుకోండి, పెట్టెలో వేయకండి. ఉగాండా నుంచి వచ్చేవాళ్ల దగ్గర అది లేకపోతే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.