బరువు బండి అమ్మి ట్రెయిల్ బైక్ కొనాలా?

ప్రశ్న: రెండేళ్ల కిందట వాయిదాల మీద 240 కిలోల అడ్వెంచర్ బైక్ కొన్నాను. ఇంకా 14 ఈఎంఐలున్నాయి. నాకిష్టం మట్టిదారులు, రాళ్ల బాటలు. అక్కడ బండి పడితే ఒక్కణ్నే లేపలేకపోతున్నాను. దీన్ని ఉంచుకుని తేలికైన బైక్‌కి ఇంకో లోను తీసుకోనా, అమ్మేయనా? ఎలాంటిది కొనాలి?

జవాబు: రెండో లోను వద్దు, అమ్మేయండి. రెండు బండ్లుంటే బీమాలు రెండు, టైర్ల జతలు రెండు, బ్యాటరీలు రెండు. మీరెక్కి తిరిగేది మాత్రం ఒక్కదాన్నే. ముందు బ్యాంకు నుంచి లోను ముందస్తుగా ముగించడానికి ఎంత కట్టాలో, ఛార్జీలతో సహా, రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మకం ధర అంతకన్నా తక్కువ పలికితే ఆ తేడాను కొత్త లోనులో కలపకండి. చేతిలో లేని బండికి వడ్డీ కట్టాల్సి వస్తుంది. చివరి వాయిదాల్లో ఎక్కువ భాగం అసలుకే పోతుంది కాబట్టి కొన్ని నెలలు ఆగినా పెద్దగా నష్టం లేదు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధిని మాత్రం ముట్టుకోవద్దు.

ఇక ఎంపిక. తేలిక అనగానే అందరి కళ్లూ మట్టిదారి పోటీల కోసం చేసిన ఎండ్యూరో బైక్‌ల మీద పడతాయి. కేటీఎం 350 ఈఎక్స్‌సీ-ఎఫ్ పెట్రోలు లేకుండా సుమారు 104 కిలోలు. మట్టిదారికీ రోడ్డుకూ పనికొచ్చే ట్రెయిల్ బైక్ హోండా సీఆర్‌ఎఫ్300ఎల్ నిండు ట్యాంకుతో దాదాపు 142. ఈ తేడా చూసి మొదటిదానికి మొగ్గితే పర్సుకు చిల్లే. దానికి సర్వీసు లెక్క గంటల్లో ఉంటుంది: 15 గంటలకోసారి ఇంజిన్ ఆయిల్ మార్చాలి. వారానికి ఐదు గంటలు తొక్కితే మూడు వారాలకోసారి. తర్వాత వాల్వులు, పిస్టన్ కూడా గంటల లెక్కనే వస్తాయి. రెండోదానికి కంపెనీ చెప్పే ఆయిల్ గడువు 12,000 కిలోమీటర్లు. దుమ్ములో, ఫస్ట్ గేర్‌లో తిరిగే బండికి అందులో సగానికే మార్చడం మంచిది. అయినా రెంటి ఖర్చుకూ పోలికే లేదు. పోటీలకు వెళ్లనివాళ్లకు నా ఓటు ఈ రెండో రకానికే.

కేటాయించిన మొత్తాన్ని 100 అనుకుంటే 70 బండికి, 15 హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలకు, 15 కొన్న వెంటనే చేయించే పనులకు. 70లో కొత్తది రాకపోతే వాడినదే చూడండి. ఎలాగూ కింద పడేసే బండి, మొదటి గీత ఇంకొకరి ఖాతాలో పడనివ్వండి.

వాడినదైతే ఎయిర్ ఫిల్టర్ తీయించి, దాని వెనక ఇంజిన్‌కి వెళ్లే గొట్టం లోపల వేలితో తుడిచి చూడండి. వేలికి మట్టి అంటితే ఆ మట్టి సిలిండర్‌లోకీ వెళ్లినట్టే. పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి, బేరం ఆపేయండి. బండిని స్టాండు మీద ఎత్తి వెనక చక్రాన్ని పైకీ కిందికీ కదపండి. టక్కుమంటే లింకేజీ (వెనక సస్పెన్షన్‌ను కలిపే కీళ్లు) బేరింగులు పోయినట్టు. ఇది బేరంలో తగ్గించుకోవచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరొచ్చేసరికే వేడెక్కించి ఉంచితే అనుమానించాల్సిందే.

పనులకు పెట్టిన ఆ 15లో మొదటిది సస్పెన్షన్. సీఆర్‌ఎఫ్ స్ప్రింగులు మెత్తన. వెనక కదలిక 260 మి.మీ. కాబట్టి హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకుని కూర్చుంటే 80–85 మి.మీ. కుంగాలి. అది సాధించడానికి ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) ఎంతో బిగించాల్సి వచ్చి, మీరు దిగాక బండి తన బరువుకు 20 మి.మీ. కూడా కుంగకపోతే ఆ స్ప్రింగు మీ బరువుకు చాలదు, మార్చాలి. తర్వాత ఇంజిన్ కింద స్కిడ్ ప్లేటు, చేతులకు హ్యాండ్ గార్డులు. బండి నెమ్మదిగా, బలంగా లాగేలా గేరింగ్ తగ్గించడానికి చెయిన్ సెట్ అంతా మార్చక్కర్లేదు. ముందు స్ప్రాకెట్‌ను (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) 14 పళ్ల నుంచి 13కి దించితే వెనకది 40 నుంచి 43కి పెంచినంత ఫలితం, ఖర్చు చాలా తక్కువ. ఎగ్జాస్ట్ జోలికి అసలు వెళ్లకండి, అమ్మేటప్పుడు దానికి ఎవరూ పైసా ఎక్కువివ్వరు.

బీమా తీసుకునే ముందు రోడ్డు కాని దారుల్లో జరిగిన నష్టానికి పాలసీ వర్తిస్తుందా అని ఈమెయిల్‌లో అడిగి, ఆ జవాబును దాచుకోండి.