పాప చేతుల మీద గరుకు పొక్కులు: నలుగు పెట్టి రుద్దితే పోతాయా?
పోవు. మూడేళ్ల పాపకు జబ్బల వెనక, తొడల మీద, బుగ్గల మీద బొంబాయి రవ్వ అంటినట్టు గరుకుగా ఉండి, దురద పెద్దగా లేదంటే అది చాలావరకు కెరటోసిస్ పైలారిస్. కెరటిన్ అనే ప్రొటీన్ వెంట్రుక కుదుళ్ల దగ్గర పేరుకుని, వాటిని మూసేయడం వల్ల వస్తుంది. మురికి వల్ల రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అమ్మమ్మ ఎంత ప్రేమగా సున్నిపిండితో రుద్దినా ఎర్రబడి మండడమే తప్ప లాభం లేదు. గిల్లకండి కూడా.

హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి పొడిగాలికి ఇది ఎక్కువవుతుంది. గోరువెచ్చని నీళ్లతో 5-10 నిమిషాల్లో స్నానం ముగించండి. టవల్‌తో మెల్లగా అద్ది, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే సువాసన లేని మాయిశ్చరైజర్ మందంగా రాయండి. రాత్రి పడుకునే ముందు మరోసారి. అసలు పని చేసేది ఇదే, కానీ వారాలు పడుతుంది. మళ్లీ వచ్చినా టెన్షన్ పడకండి, చాలామందికి వయసుతో తగ్గుతుంది.

గరుకు తగ్గడానికి పెద్దవాళ్లు వాడే యూరియా, లాక్టిక్ యాసిడ్ క్రీములు చిన్నపిల్లలకు మంట పుట్టించవచ్చు. డాక్టర్ చెప్పకుండా వాడొద్దు. దురదతో నిద్ర పట్టకపోయినా, చీము పట్టినా డాక్టర్‌కు చూపించండి. నున్నటి పొక్కు మధ్యలో చిన్న గుంట కనిపిస్తే అది ములస్కం అనే వైరస్ వల్ల కావచ్చు. అది మాత్రం అంటుకుంటుంది.