వరుసలో నిలబడ్డ కంటికి చంద్రుణ్ణి అందించడం

చిరంజీవికి,

ఇరుగుపొరుగు పిల్లల్ని పిలిచి టెలిస్కోప్‌లో ఆకాశం చూపిస్తానన్నావు, మంచిదే. పున్నమి నాడు మాత్రం వద్దు. ఆ రోజు చంద్రుడి మీద నీడలుండవు, సున్నం కొట్టిన గోడలా ఉంటాడు. శుక్లపక్ష సప్తమో అష్టమో చూసుకో. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంటల అంచులు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తాయి. పొద్దుగూకేసరికే ఎత్తుగా ఉంటాడు కాబట్టి పిల్లలు జోగకముందే పనైపోతుంది.

ఫైండర్‌ని, అంటే టెలిస్కోప్ మీద గురి చూసుకునే చిన్న దుర్బిణిని, పగలే సరిచెయ్యి. దూరాన ఉన్న టవర్ కొనను ఐపీసు (కన్ను పెట్టి చూసే కటకం) నడిమికి తెచ్చి, అదే కొన ఫైండర్‌లోనూ నడిమికి వచ్చేదాకా దాని మరలు తిప్పు. సూర్యుడి వైపు మాత్రం గొట్టం తిరగకూడదు. అయ్యాక మూత బిగించు, పిల్లల చేతులు ఊరుకోవు. చూపించడానికి అరగంట ముందే బయట పెట్టు. గొట్టంలో వేడిగాలి ఉన్నంతసేపూ బొమ్మ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది.

ఇక పెద్ద చిక్కు, ఆకాశం ఆగదు. 4 నిమిషాలకు సుమారు ఒక డిగ్రీ జరిగిపోతుంది. 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (కటకమో అద్దమో బొమ్మ కట్టే దూరం) గొట్టానికి 10 మి.మీ. ఐపీసు పెడితే 100 రెట్లు పెద్దగా చూపిస్తుంది. అందులో పట్టేది దాదాపు అర డిగ్రీ. నడిమిలో పెట్టిన గురుడు నిమిషంలో మాయం. 25 మి.మీ.తో 40 రెట్లు చాలు. గురుణ్ణి నడిమిలో కాక, లోపలికొచ్చే అంచు దగ్గర పెట్టు; ఇద్దరు ముగ్గురు చూసేదాకా ఉంటాడు.

పిల్లలు ముందు ఐపీసునే పట్టుకుంటారు. పక్కన కుర్చీ వేసి, దాని వీపు పట్టుకోమను. చంద్రుణ్ణి చూసేటప్పుడు నువ్వు వాళ్ల మొహం చూడు: వెలుగు బిళ్ల రెప్ప మీదో చెంప మీదో పడుతుంటే కన్ను సరైన చోట లేదన్నమాట. అయినా మర్యాదకి "కనిపించింది" అనేస్తారు! గురుడి దగ్గరైతే "పక్కన చుక్కలు ఎన్ని, ఏ వైపు ఎన్ని?" అని అడుగు. అవి గురుడి నాలుగు పెద్ద చందమామలు; ఒకటి దాక్కుంటే మూడే కనిపించొచ్చు, తప్పనకు. హ్రస్వదృష్టి వాళ్లు అద్దాలు తీసి ఫోకస్ తామే తిప్పుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు చెదరడం) ఎక్కువుంటే అద్దాలతోనే చూడాలి.

గెలాక్సీల జోలికి పోకు. ఫోటోలు చూసిన కంటికి ఊరి వెలుగులో ఆ మసక మరక ఆనదు. సప్తర్షుల్లోని వశిష్ఠుడు పైన ఉంటే గొట్టం అటు తిప్పు. పక్కనున్న అరుంధతి సరే, వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు.

మంచుకో ఊపిరికో ఐపీసు మసకబారితే చొక్కా కొసతో తుడవకు, గాజు గీసుకుపోతుంది. కాసేపు జేబులో వేసుకో, ఆ వెచ్చదనానికే తేటపడుతుంది.

మీ పెదనాన్న