ఓట్ల లెక్క మారితే సంప్రదాయాల మాటేమిటి?

ప్రశ్న: పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా పద్ధతి వచ్చాక ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే, ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీ నాయకుడికే ప్రధాని పదవి దక్కాలి కదా?

జవాబు: అలాంటి నియమమేమీ లేదు. పార్లమెంటరీ వ్యవస్థలో ఓటరు ఎన్నుకునేది సభను. ప్రధాని ఎవరో తేల్చేది ఆ సభ. దేశాధినేత చూడాల్సింది సభ విశ్వాసం ఎవరికుందనేదే. న్యూజిలాండ్ 1993 రెఫరెండంతో, నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చిన వారే గెలిచే పాత పద్ధతి వదిలి, 1996 నుంచి మిశ్రమ దామాషాలో (కొన్ని సీట్లు నియోజకవర్గాల నుంచి, మిగతావి పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి) ఎన్నికలు జరుపుతోంది. 2017లో 120 సీట్ల సభలో నేషనల్ పార్టీకి 56, లేబర్‌కు 46 వచ్చాయి. అయినా ప్రధాని అయింది లేబర్ నాయకురాలు జసిండా ఆర్డెర్న్. న్యూజిలాండ్ ఫస్ట్ అనే పార్టీ 9 మందితో సంకీర్ణంలో చేరింది. 8 మంది ఉన్న గ్రీన్స్ పార్టీవాళ్లు విశ్వాస పరీక్షలో, బడ్జెట్‌పై ఓటింగులో మద్దతిస్తామని ఒప్పందం రాసుకున్నారు. మొత్తం 63. కావాల్సింది 61.

చాలామంది పట్టించుకోనిది మధ్యలో గడిచే కాలం. న్యూజిలాండ్‌లో 1996 అక్టోబరు 12న పోలింగ్ జరిగితే, కొత్త ప్రభుత్వం వచ్చేసరికి డిసెంబరు అయింది. అన్నాళ్లూ పాత మంత్రులదే ఆపద్ధర్మ ప్రభుత్వం. రోజువారీ పని ఆగదు. పెద్ద నియామకాలు, దీర్ఘకాల ఒప్పందాలు వాయిదా వేయాలి. వాయిదా కుదరకపోతే తాత్కాలిక ఏర్పాటు, అదీ కుదరకపోతే ఇతర పార్టీలతో సంప్రదింపులు. గెలిచిందెవరో తేలిపోయి ప్రమాణ స్వీకారం మాత్రమే మిగిలి ఉంటే, పాతవాళ్లు కొత్తవాళ్లు చెప్పినట్టు నడుచుకోవాలి. ఇది ఊరికే పుట్టిన సంప్రదాయం కాదు. 1984 జులైలో, న్యూజిలాండ్ డాలరు విలువ తగ్గించమని గెలిచిన పక్షం నాయకుడు డేవిడ్ లాంగీ కోరితే, ఓడిన ప్రధాని మల్డూన్ మొదట ఒప్పుకోలేదు. విదేశీ మారక సంక్షోభం ముదిరి, సొంత సహచరులే ఒత్తిడి తెచ్చాక దిగివచ్చారు. ఆ అనుభవంతోనే ఈ సంప్రదాయాన్ని స్పష్టమైన మాటల్లో పెట్టారు. ఇప్పుడది అక్కడ ప్రభుత్వం నడిచే తీరుకు మార్గదర్శకమైన కేబినెట్ మాన్యువల్‌లో ఉంది. ఓటింగ్ పద్ధతి మార్చాలనేవాళ్లు ఎన్నికల చట్టం ముసాయిదాతోపాటే ఇలాంటి సంప్రదాయాలూ రాసి పెట్టుకోవాలి. ఫలితాలు వచ్చాక కూర్చుంటే, ఎవరికి వారు తమకు అనుకూలమైనదే సంప్రదాయమంటారు.

ప్రశ్న: ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచడమే దామాషా అయితే, అందులో వివాదానికి చోటెక్కడ?

జవాబు: భాగించే అంకెల్లో. ఒక నియోజకవర్గంలో 7 సీట్లు, మూడు పార్టీలు, ఓట్లు 53 వేలు, 24 వేలు, 23 వేలు అనుకోండి. ప్రతి పార్టీ ఓట్లనూ వరసగా భాగించి, అన్నిటికన్నా పెద్ద ఏడు భాగఫలాలకు సీట్లిస్తారు. డి హోంట్ పద్ధతిలో భాజకాలు 1, 2, 3, 4. మొదటి పార్టీకి 53,000, 26,500, 17,667, 13,250 వస్తాయి. రెండోదానికి 24,000, 12,000. మూడోదానికి 23,000, 11,500. ఏడో సీటు 12,000కు పోయి, పంపకం 4–2–1 అవుతుంది. న్యూజిలాండ్ వాడే సాంత్-లాగ్యూ పద్ధతిలో భాజకాలు 1, 3, 5, 7. ఏడో సీటు దగ్గర మొదటి పార్టీ భాగఫలం 7,571, మూడోదానిది 7,667. వందలోపు తేడాతో సీటు మూడోదానిదే! పంపకం 3–2–2. సగానికి పైగా ఓట్లు తెచ్చుకున్న పార్టీకి సగం సీట్లు కూడా రాలేదు. నియోజకవర్గానికి సీట్లు తక్కువైనకొద్దీ ఈ వికృతి పెరుగుతుంది. అందుకే ముసాయిదా చేతికొస్తే ముందు చూడాల్సినవి రెండు: ఒక్కో నియోజకవర్గానికి ఎన్ని సీట్లు, భాజకాలు ఏవి.

ప్రశ్న: సంకీర్ణాలు మాటిమాటికీ కూలకుండా అడ్డుకట్ట ఉందా?

జవాబు: జర్మనీ రాజ్యాంగం 67వ అధికరణ ప్రకారం ప్రభుత్వాధినేత అయిన ఛాన్సలర్‌ను దించాలంటే అదే ఓటుతో వారసుణ్ని ఎన్నుకోవాలి. 1982లో ఛాన్సలర్ ష్మిట్ స్థానంలో కోల్ అలాగే వచ్చారు. అయితే ఇది పదవిని కాపాడుతుందే తప్ప మెజారిటీని తెచ్చిపెట్టదు. 1972 ఏప్రిల్ 27న అప్పటి ఛాన్సలర్ బ్రాంట్ మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం రెండు ఓట్లు తక్కువై వీగిపోయింది. మర్నాడే ఆయన కార్యాలయం బడ్జెట్ పద్దు 247–247తో ఓడిపోయింది; ఓట్లు సమానమైతే ఓటమి కిందే లెక్క. చివరికి బ్రాంట్ తానే విశ్వాస తీర్మానం పెట్టి, కావాలని ఓడి, సభ రద్దు చేయించుకుని నవంబరులో ఎన్నికలకు వెళ్లారు.