బత్తాయిల లెక్క: 0.0287 బదులు 0.0228 ఎందుకు వచ్చింది?

60ని ఉన్నదున్నట్టుగా నార్మల్ పట్టికలోకి (గంట ఆకారపు వక్రం కింద సంభావ్యతలు చూపే పట్టిక) తీసుకువెళ్లడం వల్లనే మీ జవాబు 0.0228 పుస్తకంలోని 0.0287తో కలవలేదు, సూత్రంలో తప్పు లేదు. నల్లగొండ మార్కెట్‌కు వచ్చిన లోడులో సగం బత్తాయిలు మొదటి రకమైతే, తీసిన 100 కాయల్లో కనీసం 60 ఆ రకానివి కావడానికి సంభావ్యత ఎంత అన్నది మీ ప్రశ్న. (లోడులో కాయలు వేలల్లో ఉంటాయి కనుక, తీసినది తిరిగి వేయకపోయినా బైనామియల్ సూత్రం, అంటే ప్రతి కాయకు ‘అవును’, ‘కాదు’ అనే రెండే ఫలితాలుండే లెక్క, వాడవచ్చు.)

1. సగటు 100 × 0.5 = 50; ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) √(100 × 0.5 × 0.5) = √25 = 5. ఇంతవరకు మీరు చేసినది సరైనదే.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది. కాయలను 59, 60 అని పూర్ణ సంఖ్యల్లోనే లెక్కిస్తాం కాని, నార్మల్ వక్రం వాటి మధ్య ఖాళీ లేకుండా సాగుతుంది; అందువల్ల 60 అనే ఒక్క విలువకు 59.5 నుంచి 60.5 వరకు ఉన్న వెడల్పును కేటాయించాలి. ‘కనీసం 60’ అన్నప్పుడు ఆ వెడల్పంతా లెక్కలోకి రావాలి కనుక 59.5 నుంచి మొదలుపెట్టాలి. ‘60కి మించి’ అని అడిగితే మాత్రం 60.5 తీసుకోవాలి, ప్రశ్నలో ఈ ఒక్క మాటను రెండుసార్లు చదవండి.

3. జడ్, అంటే సగటు నుంచి ఎన్ని ప్రామాణిక విచలనాల దూరమో = (59.5 − 50) ÷ 5 = 1.9. పట్టికలో దీనికి 0.9713 ఉంటుంది; అది అంతకంటే తక్కువ రావడానికి సంభావ్యత కనుక 1 నుంచి తీసివేస్తే 0.0287.

బైనామియల్ సూత్రంతోనే కంప్యూటర్‌లో లెక్కిస్తే 0.0284 వస్తుంది.